ఎర్తు మాట ఎత్తని రోజు

ఆయన షెడ్డుకు బోర్డు లేదు, అవసరమూ పడలేదు. ఊరి బయట లారీలు ఆగే చోట ఎవర్ని అడిగినా "ఎర్తు గారి షెడ్డా? ఆ పాత టైర్ల గుట్ట పక్కనే" అని చూపిస్తారు. బండికి ఏ జబ్బు వచ్చినా, హారను మూగబోయినా, వైపరు కదలకపోయినా, ఆ ఎలక్ట్రీషియన్ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎర్తు చూశావా?" బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు పని ముగించుకుని మళ్లీ బ్యాటరీకి చేరాలి. చేరే దారి బండి ఇనుమే, దాన్నే ఎర్తు అంటారు. ఆ దారిలో తుప్పో మట్టో అడ్డం పడితే ఎంత కొత్త బల్బు పెట్టినా గుడ్డిగానే వెలుగుతుంది. పది రోగాల్లో ఏడు అక్కడివేనని ఆయన నమ్మకం. ముప్ఫై ఏళ్లు అదే ప్రశ్న అడిగీ అడిగీ సొంత పేరు కాగితాలకే మిగిలింది. డ్రైవర్లకు ఆయన ఎర్తు గారు, చిన్నవాళ్లకు ఎర్తు మామ, వెనకాల మాత్రం ఉత్త ఎర్తు.

ఆయనకు ఒక గర్వం ఉంది. ఆయన చెయ్యి పడ్డ బండి అదే రోగంతో రెండోసారి గడప తొక్కదు. అలా తొక్కిన దాన్ని అక్కడ 'తిరుగు బండి' అంటారు. రోడ్డుకు అవతల ఇంకో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. వచ్చి పదకొండేళ్లయినా అతన్ని అందరూ ఇంకా కొత్తాయన అనే అంటారు. కొత్తాయన షెడ్డు ముందు ఎప్పుడు చూసినా ఒకటో రెండో తిరుగు బండ్లు ఉంటాయి. ఎర్తు గారు టీ తాగుతూ వాటిని వేలితో చూపించి మరీ లెక్కపెడతాడు. ఆయనకున్న కాలక్షేపం అదొక్కటే.

వెనక లైట్లు బాగుచేసేవాడికి ఒక చిక్కుంది. లైటు వెనక ఉంటుంది, బ్రేకు ముందు ఉంటుంది, మనిషి ఒక్కడే ఉంటాడు. పెళ్లయిన కొత్తలో క్యారేజీ తెచ్చిన భార్యతో "ఒక్కసారి ఎక్కి ఆ మధ్య పెడలు తొక్కు" అన్నాడు. ఆ ఒక్కసారి ఇరవై ఏడేళ్లు సాగింది. ఆవిడ పన్నెండున్నరకు క్యారేజీతో వస్తుంది, బ్రేకు పని ఉన్న బండ్లు అప్పటిదాకా ఆగుతాయి. చెప్పులు కింద వదిలి క్యాబిన్‌లోకి ఎక్కుతుంది. వెనక నుంచి ఆయన అరుస్తాడు: "తొక్కు!" తొక్కుతుంది. "వదులు!" వదులుతుంది. "ఎడమ!" అంటే ఎడమ ఇండికేటరు. ఆ రోడ్డు మీద ఆవిడ బ్రేకు తొక్కని లారీ లేదు, ఎక్కి ప్రయాణం చేసిన లారీ ఒక్కటీ లేదు.

మొదటి ఏడాదే ఆయన ఒక మాట ఇచ్చి ఉన్నాడు. మంచి బండి ఒకటి మన చేతికి రానీ, ఇద్దరం ఎక్కి రోడ్డు ఎందాకా పోతే అందాకా పోదాం, అని. బండ్లు చాలా వచ్చాయి, అన్నీ ఇంకొకళ్లవి. పని అయ్యాక వాటిని పెట్రోలు బంకు దాకా తోలి, అక్కడ తిప్పుకుని తెచ్చేవాడు. ఆవిడకు గుర్తుందో లేదో ఆయన ఎప్పుడూ అడగలేదు.

ఇక తోడల్లుడి సంగతి. భార్య అక్క భర్త ఆయన, బడిలో డ్రాయింగు మాస్టారుగా చేసి రెండేళ్ల కింద రిటైరయ్యాడు. స్క్రూడ్రైవరు ఏ వైపు పట్టుకోవాలో తెలియని మనిషే అయినా, చుట్టాలు నలుగురు చేరితే నడిమధ్య కుర్చీ ఆయనకే పడుతుంది. అత్తవారింట్లో ఒకసారి ఎర్తు గారు చెమటలు కక్కుతూ ఫ్యాను బిగించి నిచ్చెన దిగేసరికి, నిచ్చెన మీదున్న ఎర్తు గారి బొమ్మను మాస్టారు పెన్సిలుతో గీసి అందరికీ చూపిస్తున్నాడు. అందరూ ఆ కాగితం చుట్టూ మూగి "అచ్చం అలాగే ఉంది, ఆ మూతి చూడు" అని మురిసిపోతున్నారు. ఫ్యాను తిరుగుతోందా అని తలెత్తి చూసిన వాళ్లు లేరు. ఆ రోజు నుంచి ఎర్తు గారికి తోడల్లుడి పేరు వింటేనే ఛాతీలో ఒక చిన్న బల్బు కాలుతుంది.

మాస్టారికి మరదలంటే ఆటపట్టించే చనువు. ఎర్తు గారి అభ్యంతరం ఆ వేళాకోళం మీద కాదు, దానికి వచ్చే నవ్వు మీద. ఇంట్లో ఆవిడ నవ్వినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. బావ దగ్గర పెట్టుకోదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, క్యారేజీ వేళకు, షెడ్డు ముందు హారను మోగింది.

"తమ్ముడూ! బయటికి రా! మన ఇల్లు నీ గుమ్మంలోకి వచ్చింది!"

అది మోటార్ హోమ్. ముందు చిన్న ట్రక్కు ముక్కు, వెనక ఫైబరు గది. లోపల రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, గిన్నెలు కడుక్కునే తొట్టి, కిటికీలకు గళ్ల తెరలు. చాలా పాత బండి. ఎవరి పెరట్లోనో పదేళ్లు ఎండావానల్లో పడి ఉన్నదాన్ని మాస్టారు తెచ్చి రెండు నెలల పాటు రంగులు వేసుకున్నాడు. తలుపు పసుపు, గది తెలుపు, చక్రాల మధ్య గిన్నెలకు వెండి రంగు. పడుకుని కింద భాగానికి కూడా నల్ల రంగు పూశాడు.

మాస్టారి భార్య, వదినగారు, దిగి షెడ్డంతా కలియజూసింది. "మరిదిగారూ, లోపలికి రండి. చెప్పులు మాత్రం బయటే, ఇల్లు కదా మరి."

"నడిచే ఇల్లు," అన్నాడు ఎర్తు గారు. మెచ్చుకోలుగా అందామనుకున్నాడు, అలా రాలేదు.

"సముద్రం పక్క రోడ్డు పట్టుకుని నెల రోజులు పోతాం," అన్నాడు మాస్టారు. "ఎక్కడ నచ్చితే అక్కడ ఆగడం, వండుకోవడం, పడుకోవడం. మరదల్ని మాతో పంపించు. అక్కచెల్లెళ్లు ఎన్నాళ్లయింది ఒకచోట ఉండి! నువ్వూ రా తమ్ముడూ."

ఆ చివరి మాట ఒక్కసారే అన్నాడు. రెండోసారి అని ఉంటే ఎర్తు గారు ఏమనేవాడో చెప్పలేం. ఆయన మాత్రం రెండోసారి అడుగుతారనే ధీమాతో "షెడ్డు ఎవరు చూస్తారన్నయ్యా?" అన్నాడు.

"అదీ నిజమేలే," అన్నాడు మాస్టారు.

భార్య మొగుడి వైపు చూసి "వెళ్లనా?" అని అడగలేదు. అక్క వైపు తిరిగి "ఎన్ని జతలు పట్టుకోమంటావు? అక్కడ చలిగా ఉంటుందా?" అంది. ముఖం వెలిగిపోతోంది. ఎర్తు గారు నట్ల డబ్బా మూత తెరిచి, వెతకడానికి ఏమీ లేకపోయినా వెతికాడు.

"ఒక్కటే చిక్కు," అన్నాడు మాస్టారు. "వెనక లైట్లు మరీ గుడ్డిగా ఉన్నాయి. మొన్న మా పక్కింటాయన వెనకే వచ్చి, మాస్టారూ, లైట్లు వేశారా ఆర్పారా అన్నాడు. గురువారం బ్రేకు ఇన్‌స్పెక్టరు తనిఖీ ఉంది. అది గట్టెక్కితే శనివారం బయల్దేరడమే. లేకపోతే బండి రోడ్డెక్కనివ్వరు. నీ చెయ్యి పడాలి."

బండిని వెనక్కి తోలించి షెడ్డు నీడలోకి తెచ్చారు. భార్య అలవాటు ప్రకారం చెప్పులు వదిలి డ్రైవరు సీట్లోకి ఎక్కింది. కూర్చున్న వెంటనే "అబ్బ, ఇక్కణ్ణుంచి రోడ్డు ఎంత దూరం కనబడుతోందే అక్కా!" అంది.

ఇరవై ఏడేళ్లలో కొన్ని వందల క్యాబిన్లు ఎక్కింది ఆవిడ. వాటిల్లో చాలా వరకు ఈ బండి కంటే ఎత్తు. రోడ్డు కనబడుతోందని ఒక్కనాడూ అనలేదు.

"లైట్లు వెయ్యి!" ఎర్తు గారు కాస్త గట్టిగానే అరిచాడు.

రెండు వైపులా ఆరిపోబోతున్న బొగ్గుల్లా ఎర్రగా, మందంగా వెలిగాయి.

"తొక్కు!"

తొక్కగానే ఎక్కువ కావలసిన వెలుగు ఇంకా తగ్గింది. పక్కన ఇండికేటరు బల్బులో, ఎవరూ వెయ్యకుండానే, సన్నటి తీగ ఎర్రబడింది. ఎర్తు గారు ఇంక చూడాల్సిందేమీ లేదు. తన దారి మూసుకుపోయిన కరెంటు పక్క బల్బులోంచి దూరి దొడ్డిదారిన పోతోంది. లారీ అయితే ఇనుప ఒళ్లంతా దారే. ఈ గది ఫైబరు, దాంట్లోంచి కరెంటు పోదు. వెనక లైట్లన్నిటికీ కలిపి కింద చాసిస్‌కు బిగించిన ఒక్క నల్ల తీగే గతి.

వంగి చూశాడు. తీగ ఉంది, రింగు ఉంది, బోల్టు ఉంది. రింగు కింద మాత్రం నున్నగా, అద్దంలా మెరుస్తూ రెండు పూతల నల్ల రంగు ఉంది. మాస్టారు ఆ బోల్టు విప్పి, కింద మచ్చ కూడా మిగలకుండా రంగు వేసి, ఆరాక రంగు మీదే మళ్లీ బిగించాడు. బొమ్మలు వేసే చెయ్యి కదా, ఖాళీ జాగా చూస్తే ఊరుకోదు.

పది నిమిషాల పని. బోల్టు విప్పి, గరుకు కాగితంతో ఆ రంగు గీకి, ఇనుము తేలాక బిగిస్తే చాలు. 'అన్నయ్యా, కరెంటు దారికి కూడా రంగేశారా?' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనుంటే అందరూ నవ్వేవాళ్లు. ఒక్కసారైనా ఆయన మాటకు నవ్వేవాళ్లు.

సరిగ్గా అప్పుడే ముందు నుంచి మాస్టారి గొంతు వినిపించింది. "మరదలా, నువ్వు ఆ సీట్లోంచి దిగకు. మీ అక్క కూర్చుంటే బండి మొరాయిస్తుంది, నువ్వు కూర్చుంటే దానంతటదే సముద్రం దారి పట్టేలా ఉంది."

ఆవిడ నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోని నవ్వు.

ఎర్తు గారు లేచి నిలబడి చేతులు తుడుచుకున్నాడు. "వైరింగు పోయింది," అన్నాడు.

"అంటే?" మాస్టారు వెనక్కి వచ్చాడు.

"మొత్తం పోయింది. ఎలకలు కొరికాయో, ఎండకు పెళుసైపోయిందో. గోడలన్నీ విప్పితే గానీ తీగలు దొరకవు. ఫైబరు గోడలు, విప్పితే మళ్లీ సరిగ్గా కూర్చుంటాయన్న నమ్మకం లేదు. నెలా రెండు నెలల పని. అన్నయ్యా, చెబుతున్నా వినండి, ఇలాగే తిప్పారంటే ఎక్కడో ఒకచోట అంటుకుంటుంది."

అబద్ధం నిలబడాలంటే దానికి ఇన్ని కాళ్లు తగిలించాలని ఆయనకు అప్పుడే తెలిసింది.

మాస్టారు బండి మీద ఆనించిన చెయ్యి తీసేశాడు. "అంటుకుంటుందా? నిన్న దాంట్లోనే మధ్యాహ్నమంతా మీ వదిన కునుకు తీసింది తమ్ముడూ..." ఆ తర్వాత ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఇంకొకళ్లకు చూపిస్తానని కూడా అనలేదు. ఎర్తు గారి రెండు చేతులూ పట్టుకుని "దేవుడల్లే చెప్పావు" అన్నాడు.

భార్య క్యాబిన్ దిగి చెప్పులు తొడుక్కుంది. మొగుణ్ణి ఒక్కసారి చూసింది. క్యారేజీ అక్కడే పెట్టి ఇంటికి నడిచింది. మాస్టారు ఒక లారీకి తాడు కట్టించి బండిని ఇంటికి లాగించుకుపోయాడు.

ఆ సాయంత్రం అటక మీంచి పెట్టె దిగలేదు. బట్టలు బీరువాలోనే ఉండిపోయాయి. ఎర్తు గారు అన్నీ చూశాడు. ఆయనకు సంతోషం కలగాలి, కలిగింది కూడా, ఒక పూట.

శనివారం నుంచి మొదలైంది అసలు బాధ. మాస్టారు కనబడ్డ వాళ్లందరికీ చెబుతున్నాడు. టైర్లకు గాలి కొట్టేవాడు వచ్చి "మీ తోడల్లుడి ఇంటిల్లిపాదినీ కాపాడారటగా ఎర్తు గారూ!" అన్నాడు. టీ కొట్టాయన "మా తమ్ముడు లేకపోతే బూడిదయ్యేవాళ్లం, అని మాస్టారు కళ్లనీళ్లు పెట్టుకున్నాడండీ" అన్నాడు. మాస్టారి నోట ఒక మంచి మాట రావాలని ఎర్తు గారు ఇరవై ఏడేళ్లు ఎదురుచూశాడు. వచ్చి వచ్చి ఈ పనికి వచ్చింది. తేలు కుట్టిన దొంగలా గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు.

సోమవారం పొద్దున్న మాస్టారే వచ్చాడు, నడిచి.

"పండ్ల రసాల కొట్టాయన ఒకాయన అడుగుతున్నాడు తమ్ముడూ. చక్రాలు తీసేసి బస్టాండు ఎదురుగా దిమ్మల మీద కూర్చోబెడతాడట. రేపు పొద్దున్న కొలుచుకోవడానికి వస్తాడు. ఇచ్చేద్దామనుకుంటున్నా. కదలని బండికి వెనక లైట్లతో పనేముంది?" నవ్వబోయి మానుకున్నాడు. "మీ వదినకి రెండ్రోజుల్నించీ మాట లేదు. మరదలికి నువ్వే చెప్పు, ఆశపెట్టి అన్యాయం చేశానని అనుకోవద్దని."

"అన్నయ్యా," అన్నాడు ఎర్తు గారు.

"చెప్పు."

"ఎండగా ఉంది, గొడుగు తెచ్చుకోవాల్సింది."

మాస్టారు వెళ్లిపోయాడు.

పన్నెండున్నరకు భార్య క్యారేజీతో వచ్చింది. బ్రేకు లైటు పని ఉన్న లారీ ఒకటి ఆవిడ కోసమే ఆగి ఉంది. డ్రైవరు భోజనానికి వెళ్లాడు. ఆవిడ ఎక్కలేదు, టైరు మీద కూర్చుంది.

"ఎక్కు," అన్నాడు ఎర్తు గారు.

"ఎందుకు?"

"ఎందుకేంటి, బ్రేకు తొక్కాలిగా."

"తొక్కితే ఏం లాభమండీ? మీరు చూసింది చెప్పరుగా."

ఆయన స్పానరు కింద పెట్టాడు. "ఏం చెప్పలేదు నేను?"

"ఎర్తు."

ఆయన మళ్లీ స్పానరు అందుకోబోయాడు.

"ఆ రోజు నేను బ్రేకు తొక్కితే స్టీరింగు వెనక ఇండికేటరు బాణం వెలిగింది," అంది ఆవిడ. "నేను వెయ్యలేదు. వెనకుండే లైట్లు మీరు చూస్తారు, ముందుండే బాణాలు ఇన్నేళ్లూ నేనే చూశా. అది అలా దొంగగా వెలిగిన ప్రతిసారీ మీరు ఎర్తే అన్నారు. ఒక్కసారీ తప్పు కాలేదు. ఆ రోజు ఎర్తు మాటే ఎత్తలేదు. గుడికి వెళ్లి దేవుడి పేరు మర్చిపోయినట్టు."

"అప్పుడే అడగొచ్చుగా."

"బావ ముందా? మా ఆయన అబద్ధం చెబుతున్నాడు బావా, అని అరవమంటారా? మీ నోటితో మీరే చెబుతారని చూశా. మూడు రోజులు వడ్డిస్తూ చూశా. మీరేమో గిన్నెలో ముఖం పెట్టుకుని తినేసి లేచిపోతున్నారు."

"నువ్వెళ్తే ఇక్కడ బ్రేకు ఎవరు తొక్కుతారే?"

ఆవిడ పక్కనున్న ఇటుక చూపించింది. "అది పెట్టండి. దాని కోసం క్యారేజీ వేళ దాకా ఆగక్కర్లేదు."

ఆయన ముఖం చూసి ఆవిడ గొంతు కాస్త తగ్గించింది. "ఒక్కటి చెప్పండి. నేను వెళ్తున్నాననా మీ ఏడుపు, బావ తీసుకెళ్తున్నాడనా?"

రోడ్డు మీద రెండు బస్సులు పోయాయి.

"ఆయన తీసుకెళ్తున్నాడని."

"ఊఁ."

"నేను తీసుకెళ్తానన్నా. నీకు గుర్తులేదేమో."

"గుర్తు లేకేం. రోడ్డు ఎందాకా పోతే అందాకా అన్నారు."

"మరి ఎప్పుడూ అడగలేదే?"

"అడిగితే మీరేం చెబుతారో తెలిసీ అడగడమెందుకు? నాకూ అభిమానం ఉంటుందిగా." ఆవిడ లేచి, చెప్పులు వదిలి, లారీ ఎక్కింది. "రేపు పొద్దున్న ఆ రసాలాయన రాకముందే వెళ్దాం. ఇప్పుడు అరవండి, ఈ డ్రైవరు భోజనం అయిపోతోంది."

మర్నాడు ఎర్తు గారు మామూలు రోజున షెడ్డు మూశాడు. భార్యాభర్తలు మాస్టారి ఇంటికి వెళ్లేసరికే రసాల కొట్టాయన వచ్చేసి టేపు పట్టుకుని కిటికీలు కొలుస్తున్నాడు. "ఇక్కడ కౌంటరు కోసేస్తే సరిపోతుంది," అంటున్నాడు. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని ఎటో చూస్తున్నాడు.

"కొయ్యకండి, ఆగండి," అన్నాడు ఎర్తు గారు. పలకరింపులేమీ లేకుండా పనిముట్ల సంచితో బండి వెనక్కి వెళ్లి గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాడు. బోల్టు విప్పాడు. గరుకు కాగితంతో నల్ల రంగును రుద్దితే తెల్లటి ఇనుము తేలింది. రింగును కూడా రుద్ది, బిగించి, మీద గ్రీజు రాశాడు. భార్య అప్పటికే సీట్లో ఉంది.

"లైట్లు! తొక్కు!"

పట్టపగలు, ఎదురుగా ఉన్న సున్నపు గోడ మీద రెండు ఎర్రటి మచ్చలు పడ్డాయి.

మాస్టారు చప్పట్లు కొట్టాడు. "తమ్ముడూ! ఏం మాయ చేశావయ్యా! మరి వైరింగు? గోడలు విప్పక్కర్లేదా?"

పొరబడ్డాను అంటే సరిపోయేది. ఆ మాట తేలికగా నమ్మే మనిషి ఎదురుగానే ఉన్నాడు. డ్రైవరు పక్క అద్దంలోంచి భార్య కళ్లు కనిపిస్తున్నాయి.

"వైరింగుకి ఏమీ కాలేదన్నయ్యా," అన్నాడు ఎర్తు గారు, ఇంకా కింద కూర్చునే. "మీరు రంగు మీద బోల్టు బిగించారు. రంగులోంచి కరెంటు పోదు. అది నేను శుక్రవారమే చూశా. చూసే, వేరే చెప్పా."

"ఎందుకు?"

"ఓర్వలేక."

రసాల కొట్టాయన టేపు చుడుతున్నాడు గానీ, చాలా నెమ్మదిగా చుడుతున్నాడు, ఒక్క ముక్క కూడా పోకుండా. వంటింటి కిటికీలోంచి వదినగారి తల బయటికొచ్చింది. "ఓర్వలేకా? మమ్మల్ని చూసా? ఆ బుల్లి పొయ్యి మీద నేను రెండుసార్లు వేళ్లు కాల్చుకున్నాను మరిదిగారూ! ఆ మంచం మీద పక్కకి తిరిగితే తల గోడకి కొట్టుకుంటుంది. దీన్ని చూసి కుళ్లుకునేవాళ్లుంటారని తెలిస్తే ఇంకాస్త మురిసేదాన్ని కదా!"

ఆ మాటకు రసాల కొట్టాయన నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. దేనికైనా ముందు నవ్వే మనిషి నవ్వలేదు.

"అంటుకుంటుందన్నావు," అన్నాడు మెల్లగా. "నాలుగు రాత్రులు నాకు నిద్ర లేదు. తను దాంట్లో పడుకున్న మధ్యాహ్నమే కళ్లముందు తిరిగింది." ఇంకేమీ అనకుండా ఇంట్లోకి వెళ్లాడు.

బుధవారం పొద్దున్న ఎర్తు గారు షెడ్డు తెరిచేసరికి, రోడ్డుకు అవతల కొత్తాయన షెడ్డు ముందు పసుపు తలుపు బండి నిలబడి ఉంది. మాస్టారు పక్కన నిలబడి ఉన్నాడు, ఇటు చూడకుండా. అంటే, ఎర్తు గారి చెయ్యి పడ్డ బండిని ఇంకొకడు సరిచూస్తున్నాడు. పేటంతా చూసేలా, పట్టపగలు. ఎర్తు గారు టీ తెప్పించుకోలేదు. కొత్తాయన కిందికి దూరిందీ, బయటికి వచ్చిందీ, బ్రేకు కోసం మాస్టార్ని ఎక్కించిందీ అన్నీ చూశాడు. కొత్తాయన మీద ఎన్నడూ లేని కోపం వచ్చింది, మళ్లీ దానికి కారణం దొరక్క అదే తగ్గింది.

బండి వెళ్లాక కొత్తాయన రోడ్డు దాటి వచ్చాడు. పదకొండేళ్లలో అటు నుంచి ఇటు రావడం అదే మొదటిసారి.

"ఏం లేదు ఎర్తు గారూ, బోల్టు గట్టిగా ఉంది, గ్రీజు కూడా పెట్టారు. మీరు చేసిన పనిని నన్ను చూడమంటాడేంటి ఆయన? మీ తోడల్లుడేగా?"

"చూడాల్సిందే. ఇండికేటరు కూడా చూశావా?"

"చూశా."

"బాణం?"

"వెలగలేదు."

"మంచిది. కూర్చో, టీ చెబుతా."

గురువారం బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ ఒకసారి తిరిగి, లైట్లు వేయించి, ముద్ర కొట్టి ఇచ్చాడట. శనివారం పొద్దున్నే బండి ఎర్తు గారి ఇంటి ముందు ఆగింది. పెట్టెను ఆయనే మోసుకొచ్చి లోపల పెట్టాడు, చెప్పులు బయట వదిలి. వదినగారు కబుర్లు చెబుతూనే ఉంది. మాస్టారు మాత్రం స్టీరింగు వదల్లేదు. బండి కదలబోతుండగా తల వంచి "వెళ్లొస్తామండీ" అన్నాడు.

తోడల్లుళ్లయిన నాటి నుంచి మాస్టారు ఆయన్ని 'అండీ' అనడం అదే మొదలు. చెంపదెబ్బ అయితే ఇంకా తేలికగా ఉండేది.

నాలుగో రోజు మధ్యాహ్నం భార్య ఫోను చేసింది.

"భోంచేశారా?"

"ఆఁ. లైట్లెలా ఉన్నాయి?"

"వెనకుండేవి లోపలున్న నాకెలా కనబడతాయండీ? రోజూ పొద్దున్న బావ దిగి వెళ్లి ఆ బోల్టు చూసొస్తారు. చూసొచ్చాకే బండి తీస్తారు."

"నా గురించి ఏమైనా అన్నారా?"

"మీ పేరు ఎత్తరు. అక్క ఎత్తితే కిటికీలోంచి బయటికి చూస్తారు."

"రోజూ చూడక్కర్లేదని చెప్పు. గట్టిగానే బిగించా." మళ్లీ అన్నాడు: "వద్దులే. చూసుకోనీ."

"సముద్రం పక్కనే ఆగాం. అలల చప్పుడు వినబడుతోందా?"

"లేదు. లారీ ఒకటి స్టార్టు చేసి పెట్టారు ఇక్కడ."

"మీ ఏడుపు తగ్గిందా?"

ఎర్తు గారు ఆ ప్రశ్నకు, బండి రోగం చెప్పినట్టు, సూటిగా జవాబు చెప్పాడు. "తగ్గలేదు. ఇప్పుడు నువ్వు సముద్రం అన్నప్పుడు ఇంకాస్త పెరిగింది."

"పోనీలెండి. ఈసారి చెప్పి ఏడుస్తున్నారు," అంది ఆవిడ. అక్క పిలుస్తోందని ఫోను పెట్టేసింది.